శవపంచనామా భాషలో కాలం: ‘కుళ్లిన స్థితి’ అనే పదబంధంపై విమర్శ

వ్యాససంగ్రహం

మృతదేహం శిథిలమైన తీరును బట్టి మరణకాలాన్ని అంచనా వేయడం న్యాయవైద్యశాస్త్రంలో ముఖ్యమైన పని. ఇందుకు గణితసూత్రాలు ఉన్నప్పటికీ, ఆ సూత్రాలకు ఆధారం కంటితో చూసి మాటలలో పెట్టిన వర్ణనే. తెలుగునాట ఆ తొలి వర్ణన శవపంచనామాలో నమోదవుతుంది. పంచనామాలోనూ, దాని వెంట వచ్చే పత్రికావార్తలలోనూ ‘కుళ్లిన స్థితి’ అనే ఒకే పదబంధం అనేక దశలను కప్పివేస్తున్న తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ముత్యంపేట, కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతాల సేద్యభాష, భారత స్త్రీపర్వం, బౌద్ధుల శ్మశానభావన, 2019, 2020 సంవత్సరాల నాటి రెండు తెలంగాణ ఘటనలు, గల్ఫ్ నుంచి వచ్చే శవపేటికలు ఇందులో చర్చకు వస్తాయి.

కీలకపదాలు: శవపంచనామా, మరణకాలం, కుళ్లు, ఉష్ణదినం, సేద్యపదజాలం, స్త్రీపర్వం, గల్ఫ్ వలస.

1. ఉపోద్ఘాతం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల జిల్లా పుటలను కొన్నేళ్లుగా చదువుతున్నవారికి ఒక వార్త అచ్చు కంఠస్థమై ఉంటుంది. వ్యవసాయబావిలోనో, కాకతీయ కాలువ తూము దగ్గరో, పసుపుచేను గట్టునో గుర్తుతెలియని మృతదేహం కనబడుతుంది. పశువులు కాసేవారో, మోటారు వేయడానికి వెళ్లిన రైతో మొదట చూస్తారు. దేహం ‘కుళ్లిన స్థితిలో’ ఉంటుంది. ‘నాలుగైదు రోజుల క్రితం మరణించి ఉండవచ్చు’ అని ఒక అంచనా వస్తుంది. వార్త అక్కడికి ముగుస్తుంది.

ఈ రెండు పదబంధాలలో మొదటిది ఆధారం, రెండవది దానినుంచి తీసిన నిర్ణయం. అయితే ఏ గుర్తును చూసి నాలుగైదు అన్నారు, రెండు కాదని, పది కాదని ఎట్లా తేల్చారు అన్నది వాక్యంలో ఎక్కడా లేదు. ‘నాలుగైదు’ వంటి జంటసంఖ్యలు తెలుగుకు సహజమైన సౌకర్యం. కచ్చితంగా తెలియదని ఒప్పుకుంటూనే ఒక హద్దు గీయగల మాటలివి. ‘ఉండవచ్చు’ అనే క్రియ మరొక ఒప్పుకోలు. కానీ వార్త నుంచి వాఙ్మూలానికి, వాఙ్మూలం నుంచి అభియోగపత్రానికి పోయేకొద్దీ ‘ఉండవచ్చు’ రాలిపోయి ‘నాలుగైదు’ మాత్రమే మిగిలే ప్రమాదం ఉంది. సోమవారం సిరిసిల్లకు పోయి గురువారం తిరిగివచ్చానని చెప్పే భర్త విషయంలో ఆ ఒక్కరోజు తేడాయే నేరానికీ నిర్దోషిత్వానికీ మధ్య గీత.

అనుమానాస్పద మరణాలపై విచారణకు 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 174వ సెక్షన్ ఉండేది. 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 194వ సెక్షన్ దాని స్థానంలోకి వచ్చింది. ఇద్దరు లేదా అంతకు మించిన గౌరవనీయులైన ఇరుగుపొరుగు వారి సమక్షంలో పోలీసు అధికారి దేహాన్ని పరిశీలించాలి. గాయాలు, ఎముకల విరుగుళ్లు, కమిలిన గుర్తులు వర్ణించాలి, అవి ఏ ఆయుధంతో ఎట్లా అయినట్లు కనబడుతున్నదో రాయాలి. అంటే చట్టం అడుగుతున్నది ప్రధానంగా ‘ఎట్లా’ అని. ‘ఎప్పుడు’ అని పేరుపెట్టి అడగలేదు. దేహం కుళ్లడం గురించిన ప్రస్తావన ఆ సెక్షన్‌లో ఒకేచోట ఉంది. వాతావరణం, దూరం అనుకూలించి, పరీక్ష నిరుపయోగమయ్యేంతగా దారిలో కుళ్లిపోయే ప్రమాదం లేనప్పుడు శవాన్ని వైద్యుని వద్దకు పంపాలన్నది ఆ సందర్భం. చట్టం దృష్టిలో కుళ్లు సాక్ష్యాన్ని చెడగొట్టే అడ్డంకి. కుళ్లే ఒక సాక్ష్యమన్న ఊహ ఆ వాక్యంలో లేదు. పంచనామా భాష ఆ చూపునే వారసత్వంగా తీసుకున్నదని నా అభిప్రాయం.

2. కొలతకు ముందు మాట

మరణించిన తొలి రోజున కాలాన్ని చెప్పే గుర్తులు వేరు. దేహం చల్లబడటం, బిగుసుకోవడం, రక్తం కిందికి దిగి చర్మంపై నీలిమచ్చలు కట్టడం అనే మూడింటిని వైద్యులు చూస్తారు. మన ఎండాకాలంలో ఈ లెక్కలు త్వరగా తప్పుతాయి. జగిత్యాల జిల్లాలో మే నెల మధ్యాహ్నం ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. మనిషి ఒంటివేడి 37. చుట్టూ ఉన్న గాలి శవంకన్నా వేడిగా ఉన్నప్పుడు శవం చల్లబడే ప్రశ్నే లేదు. చల్లని దేశాల పాఠ్యగ్రంథాలలోని గంటల పట్టికలు ఇక్కడ అక్కరకు రావు. అందుచేత మనకు మిగిలేది రెండో రకం గుర్తులే. అవి రంగు మారడం, ఉబ్బడం, చర్మం ఊడిరావడం, ద్రవాలు కారడం, పురుగు పట్టడం, ఎండిపోవడం, ఎముక తేలడం.

వీటిని అంకెలలోకి మార్చే ప్రయత్నాలలో ఎక్కువగా చర్చకు వచ్చినది 2005లో మెగ్యెసీ, నవ్రాకీ, హాస్కెల్ అనే ముగ్గురు అమెరికా పరిశోధకులు ప్రతిపాదించినది. వారు 68 కేసుల ఆధారంగా దేహాన్ని మూడు భాగాలు చేశారు. తల, మెడ కలిపి 1 నుంచి 13 దాకా, మొండేనికి 1 నుంచి 12 దాకా, కాళ్లుచేతులకు 1 నుంచి 10 దాకా మార్కులు. తాజాదేహానికి మొత్తం 3, పూర్తిగా ఎండిన అస్థిపంజరానికి 35. ఈ మొత్తం రోజులను సూటిగా చెప్పదు, దేహం అనుభవించిన వేడిని చెబుతుంది. ప్రతిరోజు సగటు ఉష్ణోగ్రతను కూడుతూ పోతే వచ్చే మొత్తాన్ని ‘ఉష్ణదినాలు’ అనవచ్చు. సగటున 30 డిగ్రీలున్న రెండు రోజులు కలిస్తే 60 ఉష్ణదినాలు. పంట ఎన్ని రోజులలో పూతకు వస్తుందో ఇటువంటి లెక్కతోనే చెబుతారు కనుక జగిత్యాల పక్కన పొలాస వ్యవసాయ కళాశాల విద్యార్థికి ఇది కొత్త భావన కాదు.

ఒక ఉదాహరణ చూద్దాం. ముఖం, మొండెం, కాళ్లుచేతులు మూడూ బూడిదరంగు నుంచి ఆకుపచ్చలోకి తిరిగి, ఇంకా ఉబ్బని దేహానికి ఒక్కొక్క భాగానికి 3 చొప్పున మొత్తం 9 వస్తుంది. వారి సూత్రం ప్రకారం అది సుమారు 94 ఉష్ణదినాలు. ముఖం గోధుమరంగు దాటి నల్లబడి, మొండెం ఉబ్బి గాలి పోయి తగ్గి, వేళ్లు ఎండటం మొదలైన దేహానికి 6, 5, 4 కలిసి 15 వస్తే సుమారు 182 ఉష్ణదినాలు. 25 మార్కుల దేహానికి దాదాపు 1,150. రోజు సగటు 36 డిగ్రీలుండే మే నెలలో ఈ మూడూ వరుసగా రెండున్నర రోజులు, ఐదు రోజులు, ముప్పైరెండు రోజులు అవుతాయి. పంచనామా భాషలో ఈ మూడు దేహాలూ ‘కుళ్లిన స్థితిలో’ ఉన్నవే. ఒకే మాట కింద రెండున్నర రోజులూ నెలా ఇమిడిపోయాయి.

ఈ సూత్రాన్ని నెత్తికెత్తుకోవడం నా ఉద్దేశం కాదు. దాని పొరపాటు హద్దు సుమారు 388 ఉష్ణదినాలని దానిని కట్టినవారే చెప్పారు. 182 అనే అంచనాకు అటూఇటూ 388 అంటే కింది అంచు సున్నా కన్నా కిందికి పోతుంది. మనిషి ఇంకా చనిపోకముందే శవమైనట్లు! ఆ గణాంకపద్ధతిలోని లోపాలను సవరిస్తూ 2016లో మాఫట్, మరికొందరు కొత్త సమీకరణం ఇచ్చారు. అయినా నిలిచే విషయం ఒకటుంది. ఈ కొలబద్దలోని ప్రతి అంకె పక్కనా ఒక వాక్యం ఉంది. అంకెలు వేసేవాడు మొదట ఆ వాక్యాన్ని ఎదుటి దేహంతో పోల్చి చదవాలి. సమీకరణం రేపు మారవచ్చు. వర్ణన సరిగా ఉంటే కొత్త సమీకరణంలో దానిని మళ్లీ పెట్టి లెక్కగట్టవచ్చు. ‘కుళ్లిన స్థితి’ అని రాసి దహనం చేసిన దేహాన్ని ఏ సమీకరణమూ తిరిగి చదవలేదు.

3. ‘పచ్చ’ అంటే ఏ పచ్చ?

పై ఉదాహరణలో 9కీ 15కీ మధ్య తేడా చాలావరకు రంగులదే. ఆకుపచ్చ, గోధుమ, నలుపు అనే వరుసలో దేహం ఎక్కడుందన్నదే ప్రశ్న. పొట్ట కుడివైపు దిగువన మొదట కనబడే ఆకుపచ్చ మరక భారతీయ న్యాయవైద్య గ్రంథాలన్నీ చెప్పే తొలి గుర్తు. వేసవిలో ఒకరోజు గడవకముందే కనబడుతుంది. ఇప్పుడు ‘కడుపు పచ్చబడి ఉన్నది’ అని పంచనామాలో ఉందనుకుందాం. తెలుగులో పచ్చ అంటే పసుపు కూడా, ఆకు కూడా. పచ్చకామెర్లలో ఒక పచ్చ, పచ్చగడ్డిలో మరో పచ్చ. పచ్చిగాయంలో రంగే లేదు, తాజాతనం ఉంది. కామెర్లతో చనిపోయిన మనిషి ఒళ్లూ పచ్చే, రెండో రోజు శవం పొట్టా పచ్చే. ఒకటి మరణకారణానికి సంబంధించిన ఊహ, మరొకటి మరణకాలానికి సంబంధించిన గుర్తు. న్యాయస్థానంలో పదేళ్ల తరువాత ఈ వాక్యాన్ని చదివే వకీలు దీనిని ఎటైనా తిప్పగలడు.

ఇది భాష పేదరికమని అనేవారున్నారు. శాస్త్రానికి ఆంగ్లమే తగినదని, పంచనామా కూడా ఆంగ్లంలో రాయడం మేలని సూచించేవారూ ఉన్నారు. వారికి జవాబుగా మల్లాపూర్ మండలం ముత్యంపేటను చూపించదలచుకున్నాను. (జగిత్యాల జిల్లాలో ముత్యంపేటలు రెండు. కొండగట్టు దిగువన మల్యాల మండలంలోనిది వేరు.) ఈ ముత్యంపేట పేరు చెబితే చుట్టుపక్కల వారికి గుర్తొచ్చేది 2015 డిసెంబరులో మూతపడిన చక్కెర కర్మాగారం. చెరుకు రైతుకు కుళ్లు అంటే డబ్బు లెక్క. నరికిన గడలో తీపి గంటగంటకూ పడిపోతుంది. ఒకరోజు లోపు ఆడించకపోతే నష్టం కనబడుతుంది. ఫ్యాక్టరీ గేటు ముందు బండ్ల బారులో నిలబడిన రైతు పక్కబండిలోని గడ కొసను చూసి, వాసన చూసి అది నిన్నటిదో మొన్నటిదో చెప్పేవాడు. ఇంతకన్నా సూటిగా చెప్పాలంటే, శిథిలతను బట్టి గడిచిన కాలాన్ని అంచనా వేయడంలో అక్కడి వారికి తర్ఫీదు ఉంది.

అదే చెరుకుకు వచ్చే తెగులును వ్యవసాయశాఖ కరపత్రాలు ఎర్రకుళ్లు అంటాయి. మెట్‌పల్లి, కోరుట్ల వైపు పసుపుకు వచ్చేది దుంపకుళ్లు. ఇంకా వేరుకుళ్లు, కాండంకుళ్లు, మొవ్వుకుళ్లు. రంగును బట్టి ఒకటి, అంగాన్ని బట్టి కొన్ని. మూలపదం ఒకటే అయినా ముందు చేరిన విశేషణం దానిని నిర్దిష్టం చేస్తున్నది. మెగ్యెసీ బృందం చేసిన పని కూడా ఇదే, అంగాన్ని విడదీయడం, రంగును పేర్కొనడం. సేద్యపు తెలుగు ఎన్నడో సాధించినదానిని పోలీసు తెలుగు ఇంకా మొదలుపెట్టలేదు.

వంటింట్లోకి పోతే పదాలు ఇంకా ఉన్నాయి. కూర పాచిపోతుంది (మా వైపు ‘పాసిపోతది’). కల్లు పులుస్తుంది. మామిడికాయ మాగుతుంది, మాగి మెత్తబడి ఆపైన కుళ్లుతుంది. బియ్యం ముక్కిపోతాయి. వంకాయ పుచ్చుతుంది. నిలిచిన నీరు మురుగుతుంది. బట్ట చీకుతుంది, వాసం చివుకుతుంది. పెంటకుప్ప మక్కుతుంది, మక్కినది ఇక వాసన వేయదు, చేతితో నలిపితే పొడి అవుతుంది. టమాట, దోస ముక్కలు కోసి ఎండబెడితే కుళ్లకుండా ఒరుగులవుతాయి. వీటిలో ప్రతి క్రియకూ తనదైన వస్తువు, తనదైన దశ ఉన్నాయి. మాగడం కుళ్లుకు ముందు, మక్కడం తరువాత, ఒరుగు కావడం వేరే దారి. ఎండవేడికి తేమ ఇంకిపోయి శవం తోలులా బిగుసుకుపోవడాన్ని న్యాయవైద్యులు ప్రత్యేకంగా పేర్కొంటారు, అది జరిగిన శవంపై మామూలు కాలగణన చెల్లదని హెచ్చరిస్తారు. ‘ఎడమచేయి ఒరుగులా ఎండి ఉన్నది, వీపు మాత్రం మెత్తగా, తడిగా ఉన్నది’ అని ఒక హెడ్‌కానిస్టేబుల్ రాస్తే అది ఏ ఆంగ్లపదానికీ తీసిపోని శాస్త్రీయవాక్యం.

శవాన్ని కూరగాయతో పోల్చడం అమర్యాద కాదా అన్న ప్రశ్న సహజం. ఈ సంకోచమే ఒక్కమాటతో ముగించడానికి మూలమని నాకు తోస్తుంది. మరో కారణం కూడా ఉంది. చట్టం కోరినట్లు గౌరవనీయులైన పంచులు ముక్కుకు తువ్వాల అడ్డంపెట్టుకొని దూరంగా నిలబడతారు. బావిలోకి దిగి దేహాన్ని పైకి తెచ్చేవాడు, చాపలో చుట్టేవాడు, శవాగారంలో బల్లమీదికి ఎత్తేవాడు వేరు. అతని చేతికి చర్మం ఊడివచ్చిందో లేదో, పొట్ట బిగుతుగా ఉందో సడలిందో అతనికే తెలుసు. అతని కులం వల్లనో కూలి వల్లనో అతడు పంచు కాడు. పంచనామా చివర సంతకాలలో అతని వేలిముద్ర ఉండదు. కాటికాపరిని నాయకుడిగా నిలబెట్టిన హరిశ్చంద్ర నాటకాన్ని తెల్లవార్లూ చూసిన ప్రజలం మనం. కాటికాపరి చూసినదాన్ని మాత్రం సాక్ష్యంగా రాసుకోలేదు.

4. పూర్వగ్రంథాలలో మధ్యకాలం

మన కావ్యసంప్రదాయం మరణానికి రెండు కొసలనే ఎక్కువగా చూపుతుంది. ఒక కొసన అప్పుడే ప్రాణం పోయిన దేహం, మరో కొసన పుర్రె, బూడిద. నడుమ ఉన్న రోజులు కనబడవు. దహనసంస్కారం త్వరగా జరిగే సమాజంలో అది కొంతవరకు సహజమే. అయితే స్త్రీపర్వంలో ఆ మినహాయింపు వర్తించదు. పద్దెనిమిది రోజుల యుద్ధం ముగిశాక గాంధారి దివ్యదృష్టితో రణభూమిని చూస్తుంది. నక్కలు, గద్దలు దేహాలను పీక్కుతినడం వ్యాసుడు దాచలేదు, తిక్కన స్త్రీపర్వమూ ఆ విలాపాన్ని తెలుగుచేసింది. కానీ కాలం సంగతి గమనించాలి. అభిమన్యుడు పదమూడవ రోజు పడ్డాడు. ద్రోణుడు పదిహేనవ రోజు, కర్ణుడు పదిహేడవ రోజు, దుర్యోధనుడు చివర. గాంధారి చూసేసరికి అభిమన్యుడు చనిపోయి కనీసం ఐదు రోజులైంది. అయినా చనిపోయిన తరువాత కూడా అతని కాంతి తగ్గలేదని వ్యాసుని గాంధారి అంటుంది. ఉత్తర ఆ ముఖాన్ని తడుముతుంది. ఆ రణభూమిలో ఐదు రోజుల దేహానికీ ఒక్కరోజు దేహానికీ తేడా లేదు. మృగాలు బయటినుంచి తింటాయి, దేహం లోపలినుంచి మారదు. కరుణరసానికి అది అవసరమే కావచ్చు, నేను తప్పుపట్టడం లేదు. మన సాహిత్యసంస్కారం నేర్పిన చూపు ఇది, కుళ్లును చూడవలసినచోట కన్ను పక్కకు తిప్పుకోవడం నేర్పింది అని మాత్రమే అంటున్నాను.

కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఆకస్మికంగా చనిపోయినవారి పరీక్షకు ఒక అధ్యాయమే ఉంది. దేహానికి నూనె పూసి నిలవచేసి చూడమంటుంది. ఊపిరాడక చంపినదా, ఉరిదా, నీట మునిగినదా, విషమా అని గుర్తులు చెబుతుంది. ఇక్కడా ప్రశ్న ‘ఎట్లా’ అనేదే. మన 194వ సెక్షన్‌కు ఇది దూరపు చుట్టంలా కనబడుతుంది.

‘ఎంతకాలం’ అన్న ప్రశ్నను నేరంతో సంబంధం లేనివారు వేశారు. మహాసతిపట్ఠాన సుత్తంలో భిక్షువు శ్మశానంలో పారవేసిన దేహాన్ని తొమ్మిది దశలలో తలచుకోవాలి. మొదటి దశలోనే ఒకరోజు, రెండు రోజులు, మూడు రోజులు అని కాలం చెప్పి, ఉబ్బినది, నీలిబారినది, చీము కారేది అని గుర్తులు జతచేశారు. తరువాత జంతువులు తిన్న దేహం, మాంసం రక్తం ఉన్న అస్థిపంజరం, మాంసం పోయి రక్తపు చారలున్నది, నరాలు మాత్రమే పట్టినిలిపినది, చెల్లాచెదరైన ఎముకలు, శంఖంలా తెల్లబడినవి, ఏడాది దాటి కుప్పపడినవి, పొడి అయినవి. కణజాలం ఎంత మిగిలింది, ఎముకలు అతుక్కొని ఉన్నాయా లేదా అన్న విభజన 2005 నాటి కొలబద్దలోని పైమార్కుల భాగానికి చాలా దగ్గరగా ఉంది. ఈ గ్రంథం మనకు పరాయిది కాదు. మనకు పొరుగున పెద్దపల్లి జిల్లాలో ధూళికట్ట స్తూపం ఉంది. బుద్ధుని వద్దకు శిష్యులను పంపిన బావరి ఆశ్రమం గోదావరిలోని బాదన్‌కుర్తి వద్ద ఉండేదని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. ఆ గోదావరి జగిత్యాల జిల్లాకు ఉత్తరపు ఎల్ల. ఈ నేలమీద ఒకప్పుడు ఈ దశలను వల్లెవేసినవారు తిరిగి ఉంటారని ఊహిస్తే అతిశయోక్తి కాదు.

వేడిని లెక్కలోకి తీసుకున్నవాడు మాత్రం చైనా న్యాయాధికారి సాంగ్ త్సీ. 1247లో ఆయన రాసిన శవపరీక్షా గ్రంథంలో ఋతువుల వారీగా దేహం మారే తీరు ఉంది. వసంత శరత్తులలో రెండు మూడు రోజులు ఎండాకాలపు ఒక్కరోజుకు సమానమని లెక్కగట్టాడు. స్థూలకాయులకూ బక్కవారికీ తేడా ఉంటుందన్నాడు. ఉష్ణదినమన్న పేరు లేదు గాని ఆలోచన అదే.

5. సగం కుళ్లడం, ఒకేసారి తేలకపోవడం

2019 డిసెంబరు 6న షాద్‌నగర్ సమీపంలోని చటాన్‌పల్లి వద్ద పోలీసు కాల్పులలో నలుగురు నిందితులు మరణించారు. వారి దేహాలను సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో భద్రపరిచారు. డిసెంబరు 21న హైకోర్టు విచారణలో ఆ దేహాలు యాభై శాతం కుళ్లాయని, మరో వారం పది రోజులలో పూర్తిగా కుళ్లుతాయని ఆసుపత్రి తరఫున చెప్పినట్లు పత్రికలు రాశాయి. 23న ఢిల్లీ ఎయిమ్స్ వైద్యబృందం రెండోసారి శవపరీక్ష చేసింది. ఇక్కడ మరణకాలం అందరికీ తెలిసినదే, ప్రశ్న తిరగబడింది: గాయాలు ఇంకెంతకాలం చదవదగినట్లు ఉంటాయి? నన్ను ఆపింది ఆ ‘యాభై శాతం’. దేనిలో సగం? నూరు శాతమంటే ఎముకలు తేలడమా, గాయపు అంచులు చెరిగిపోవడమా? శాతం అనే మాట కొలిచినట్లు వినిపిస్తుంది గాని, కొలబద్ద ఏదో చెప్పదు. రోజుకింత చొప్పున సమానంగా కుళ్లుతుందన్న ఊహ కూడా అందులో దాగి ఉంది. దేహం అట్లా నడవదు. కొన్నాళ్లు నిదానంగా, ఉబ్బు విచ్చుకున్నాక వడిగా, ఎండటం మొదలైతే మళ్లీ నిదానంగా సాగుతుంది. ‘కుళ్లిన స్థితి’ వర్ణన లేని పదం, ‘యాభై శాతం కుళ్లు’ వర్ణన లేని అంకె. రెంటి లోపమూ ఒకటే.

మరుసటి ఏడాది మే నెలలో వరంగల్ సమీపంలోని గొర్రెకుంట బావిలో తొమ్మిది దేహాలు దొరికాయి. బతుకుదెరువుకు వచ్చిన బెంగాల్, బీహార్, త్రిపుర కూలీలు, వారిలో ఒక కుటుంబమే ఆరుగురు. 21న నాలుగు దేహాలు, మర్నాడు ఐదు బయటపడ్డాయి. భోజనంలో నిద్రమాత్రలు కలిపి, మత్తులో ఉన్నవారిని ఒకే రాత్రి బావిలో వేశాడని దర్యాప్తులో తేలింది. అక్టోబరులో నిందితునికి న్యాయస్థానం మరణశిక్ష విధించింది. మన చర్చకు కావలసింది తేదీల తేడా. ఒకే రాత్రి, ఒకే బావి, ఒకే నీరు. అయినా అన్నీ ఒకేరోజు బయటపడలేదు. నీటమునిగిన దేహం పైకి రావడానికి లోపల పుట్టే వాయువు కారణం. అది వయసును బట్టి, ఒంటి కొవ్వును బట్టి, తిన్నదాన్ని బట్టి, కట్టుకున్న బట్టలను బట్టి మారుతుంది. దొరికిన రోజును బట్టి మరణకాలాన్ని లెక్కగట్టేవారికి గొర్రెకుంట ఒక హెచ్చరిక. నేలమీది శవాలకు కట్టిన కొలబద్దను నీటిశవాలకు వాడరాదని గుర్తించి బ్రిటన్‌లో హీటన్ బృందం 2010లో 187 కేసుల ఆధారంగా వేరొక పట్టిక తయారుచేసింది. అందులోని చల్లని నదులకూ మే నెల తెలంగాణ బావికీ పొంతన లేదు. మన బావులకూ కాలువలకూ మన పట్టిక కావాలంటే మొదట మన పంచనామాలలో వర్ణనలు ఉండాలి. ఏటా వేల దేహాలు పరీక్షకు వచ్చే దేశంలో ఆ సమాచారం ఒక పదబంధం కింద సమాధి అవుతున్నది.

6. పేటికలో వచ్చినవారి తిథి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో ఈ చర్చ గల్ఫ్ లేకుండా ముగియదు. దుబాయి, సౌదీ, ఒమన్, ఖతార్‌లలో చనిపోయినవారు శంషాబాద్ విమానాశ్రయానికి పేటికలో వస్తారు, అక్కడినుంచి అంబులెన్సులో ఊరికి. మధ్యలో గడిచేది వారాలు, ఒక్కోసారి నెలలు. రసాయనాలు ఎక్కించిన దేహం ఆ వారాలను పైకి చూపదు. అమెరికాలో శవాల శిథిలతపై ప్రత్యేక పరిశోధనాక్షేత్రాన్ని నెలకొల్పిన విలియం బాస్ 1977లో టెనెసీ రాష్ట్రంలోని ఒక పాతసమాధిలో దొరికిన దేహాన్ని చూసి ఏడాది లోపే చనిపోయినవాడని అంచనా వేశాడు. తీరా అతడు 1864లో అంతర్యుద్ధంలో చనిపోయిన సైనికాధికారి. రసాయనాలు, ఇనుప పేటిక కలిసి ఆ రంగంలో నిపుణుణ్ణే 113 ఏళ్ల మేర తప్పుదారి పట్టించాయి. ఆ పొరపాటు నుంచే ఆయన పరిశోధనాక్షేత్రం ఆలోచన బలపడిందంటారు.

నా చిన్నప్పుడు మా వాడకట్టుకు ఇట్లాంటి పేటిక ఒకటి వచ్చింది. దానితో వచ్చిన కాగితాలు అరబీలో, ఆంగ్లంలో ఉన్నాయి. బడిపంతులు ఒకాయన చదివి మరణతేదీ చెప్పాడు. ఇంటివాళ్లు ఒప్పుకోలేదు. ఆ తేదీకి నాలుగు రోజుల ముందునుంచే అతని ఫోను ఎత్తడం లేదు. గదిలో తోటివారు సెలవుమీద ఊరికి వచ్చి ఉన్నారు. కాగితం మీది తేదీ చనిపోయిన రోజుదా, తలుపు పగలగొట్టిన రోజుదా, ఆసుపత్రిలో నమోదైన రోజుదా? దేహాన్ని మొదట చూసినవాడు ఏ భాషలో ఏమని రాశాడో తెలియదు, ఆ రాత అసలు ఉన్నదో లేదో తెలియదు. ముఖం మాత్రం నిద్రపోతున్నట్లే ఉంది. అభిమన్యుని కాంతిని గురించి చదివినప్పుడల్లా నాకు ఆ ముఖం గుర్తొస్తుంది.

న్యాయస్థానానికి గంటలు కావాలి, ఇంటికి తిథి కావాలి. దినాలు, మాసికాలు, ఏడాది అన్నీ ఆ తిథినుంచే లెక్క. సౌదీలో రాత్రి పదకొండు గంటలకు పోయినవాడు మన గడియారంలో తెల్లవారి ఒకటిన్నరకు పోయినట్లు. తేదీ మారిపోయింది, తిథి కూడా మారి ఉండవచ్చు. పెద్దమనుషులు దీని మీద చాలాసేపు వాదించుకున్నారు. ఈమధ్య కాలంలోనైతే ఇళ్లవాళ్లు ఫోను ముందుపెట్టుకొని అతడు వాట్సాప్ చివరిసారి ఎప్పుడు చూశాడో ఆ సమయాన్ని చూపుతున్నారు. న్యాయవైద్యులు ‘చివరిసారి బతికి ఉండగా చూసిన సమయం’ అనేదానికి ఇది మరో రూపం. దేహం చెప్పవలసిన మాట చెప్పే స్థితిలో లేనప్పుడు మిగిలేది అదే.

మా వాడకట్టు ఇంటివాళ్లు చివరకు ఏ తేదీనీ నమ్మలేకపోయారు. తిథి తెలియనివారికి పెత్రమాస ఉన్నదని అయ్యగారు చెప్పాడు. అప్పటినుంచి ఏటా ఆ అమావాస్య పొద్దున ఆ ఇంటామె అతని పేర బియ్యం ఇస్తుంది, సాయంత్రం అదే వాకిట్లో కోడలు ఎంగిలిపూల బతుకమ్మ పేరుస్తుంది.